ఎండబెట్టాల్సిన కయ్య ఏది?

కావలి

బుజ్జమ్మకి, చిన్నోడికి తాత ఆశీస్సులు.

బుజ్జమ్మా, మొన్న ఫోన్‌లో ఏడ్చావు. గంటసేపు గీసిన బొమ్మ, ఫొటో తీసుకుని వచ్చేసరికి మాయమైందని. "నా యాప్‌నే ఎందుకు చంపింది తాతా?" అన్నావు. చాలా మంచి ప్రశ్న అది. అందుకే కూర్చుని రాస్తున్నా.

మా చిన్నప్పుడు చెరువు కింద నారు పోసేటప్పుడు ఎవరూ నీళ్లు కొలిచి పోసేవాళ్లు కాదు. అందరికీ ఒకేరోజు తడి అవసరం పడదులే అని ధైర్యం. కంప్యూటర్‌ని నడిపించే ప్రధాన సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన లినక్స్‌దీ అదే ధైర్యం. నీ ఫోన్‌లోనూ అడుగున ఉన్నది అదే. ప్రోగ్రామ్ వచ్చి ఒక జీబీ మెమరీ కావాలంటే మామూలుగా సరే అంటుంది, కానీ వెంటనే ఇవ్వదు. ఆ చోటుని ప్రోగ్రామ్ నిజంగా వాడినప్పుడే కొంచెం కొంచెంగా, ఎక్కువ కంప్యూటర్లలో 4 కేబీల పేజీల చొప్పున ఇస్తుంది. అడిగినదంతా వాడేవాళ్లు తక్కువ కాబట్టి రోజులు గడిచిపోతాయి.

అందరూ ఒకేసారి వాడిన రోజున చిక్కు. ముందు, అవసరమైతే డిస్క్ నుంచి మళ్లీ చదువుకోగల పేజీలను వదిలేస్తుంది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకోడానికి డిస్క్‌లో కేటాయించిన చోటు) ఉంటే కొన్నిటిని అందులోకి తోస్తుంది. అప్పటికీ చాలకపోతే ఓఓఎమ్ కిల్లర్ లేస్తుంది. మెమరీ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపి చోటు ఖాళీ చేసే లినక్స్ భాగం అది.

మన ఊళ్లో నీళ్లు చాలనప్పుడు ముందు ఎండేది తూముకి దూరంగా ఉన్న చివరి కయ్యలు. పాపం, అవి బక్క రైతులవి. లినక్స్ దీనికి పూర్తిగా ఎదురు. ఎవరు ఎక్కువ మెమరీ తాగుతున్నారో చూసి వాళ్లనే ఎండబెడుతుంది. పది చిన్నవాటిని చంపే బదులు ఒక పెద్దదాన్ని చంపితే సరిపోతుంది కదా. ర్యామ్‌లో ఎంత, స్వాప్‌లో ఎంత, పేజీ టేబుళ్లకి (ఏ పేజీ ఎక్కడుందో రాసుకునే పట్టికలకి) ఎంత అని కూడి మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చినవాడు పోతాడు. 2010కి ముందు చాలాకాలంగా నడుస్తున్న ప్రోగ్రామ్‌కి కొంత దయ చూపేది. ఆ ఏడాది లెక్కను తిరగరాసి సులువు చేశారు. మనం కూడా మైనస్ 1000 నుంచి 1000 దాకా సర్దుబాటు అంకె ఇవ్వొచ్చు. మైనస్ 1000 ఇచ్చినదాని జోలికి పోదు.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి ఒకటుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒకసారి అర్ధరాత్రి డేటాబేస్ పడిపోయింది. తీరా చూస్తే మెమరీని రోజూ కాస్త కాస్త మింగుతూ వచ్చింది ఇంకో ప్రోగ్రామ్. దానికన్నా డేటాబేస్ పెద్దది కాబట్టి చచ్చింది డేటాబేస్. మార్కులు సైజుకే పడతాయి, తప్పుకి కాదు. ఆ రాత్రి నాకు భలే టెన్షన్.

నీ ఫోన్ ఆండ్రాయిడ్ కదా, అక్కడ వరస వేరు. నువ్వు చూస్తున్న యాప్‌ని ఆఖరున తాకుతుంది. తెర వెనక్కి పోయి ఊరికే కూర్చున్నవాటిని ముందు తీసేస్తుంది. కెమెరాకి మెమరీ బాగా కావాలి, నీ బొమ్మల యాప్ వెనక్కి పోయింది. చంపేటప్పుడు ప్రోగ్రామ్‌కి ఇచ్చే 9వ నంబరు సిగ్నల్‌ని, అంటే వెంటనే ఆగిపొమ్మనే ఆజ్ఞని, ఏ ప్రోగ్రామూ ఆపలేదు, "ఒక్క నిమిషం, దాచుకుంటా" అనలేదు. అందుకే తెర మీంచి తప్పుకునేటప్పుడే బొమ్మ దాచాలి. ఆ యాప్ రాసినవాళ్లు ఆ పని చేయలేదు, తప్పు నీది కాదమ్మా.

వేసవి సెలవులకి రండి. నా పాత కంప్యూటర్‌లో లినక్స్ ఉంది, ఏ ప్రోగ్రామ్‌కి ఎన్ని మార్కులో కళ్లారా చూపిస్తా. అన్నిటికన్నా ఎక్కువ దేనికి ఉంటుందో చిన్నోడు ముందే ఊహించి రాసి పంపాలి.

మీ తాత