రంగు చూసి వేడి చెప్పొచ్చు

అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే వేడినీటి బుగ్గ ఉంది. బుగ్గ అంటే మనకు చిన్న కోనేరు గుర్తొస్తుంది. ఇది మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు 100 మీటర్ల పైనే ఉంటుంది. నట్టనడుమ ముదురు నీలం, చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివర్న ఇటుక రంగు. ఫొటో చూస్తే ఎవరో కంప్యూటర్లో రంగులద్దారేమో అనిపిస్తుంది. కానీ 1871లో ఇక్కడికొచ్చిన భూగర్భ శాస్త్రవేత్త హేడెన్ సర్వే బృందం ఈ రంగులు చూసే ఆ పేరు పెట్టింది.

నడుమ కనిపించే నీలం నీటిదే. అక్కడ నీరు లోతుగా, తేటగా ఉంటుంది. ఎండలోని ఎరుపును నీరు మింగేస్తుంది, నీలం చెదిరి మన కంటికి చేరుతుంది.

మిగతా రంగులు బతికున్న జీవులవి. నడుమ దాదాపు 87 డిగ్రీలున్న నీరు పొర్లి పల్చగా పరుచుకుంటూ చల్లారుతుంది. వేడి 70 డిగ్రీల దరిదాపుల్లోకి దిగేసరికి సైనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల కాపురం మొదలవుతుంది. మన వేలు పెడితే బొబ్బలెక్కే వేడి అది! వీటికీ ఆకుల్లా పత్రహరితం ఉంటుంది, ఎండే తిండి. కానీ నీడన్నది లేని చోట ఆ ఎండే ఎక్కువైపోతుంది. అందుకే కెరోటినాయిడ్లను గొడుగులా అడ్డం పెట్టుకుంటాయి. క్యారెట్‌కి రంగునిచ్చేవీ ఈ జాతి పదార్థాలే. ఆకుపచ్చను అవి కప్పేయడంతో మనకు పసుపు కనిపిస్తుంది. ఇంకా బయటికి, ఇంకా చల్లటి నీటిలోకి వెళ్లేకొద్దీ వేరే రకాలు చేరి నారింజ, ఇటుక రంగు వస్తాయి. చలికాలంలో ఎండ తగ్గితే గొడుగు అవసరమూ తగ్గుతుంది, ఈ జీవుల పొర ఆకుపచ్చగా మారుతుంది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

యెల్లోస్టోన్‌లోనే మరో బుగ్గలో, 1966లో తీసిన నమూనా నుంచి శాస్త్రవేత్త థామస్ బ్రాక్ బృందం థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను వేరుచేసింది. డీఎన్ఏకి నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో ప్రతి విడతా దాదాపు 95 డిగ్రీలకు వేడి చేయాలి. నకళ్లు తీసే మామూలు ఎంజైమ్ ఆ వేడికి పాడైపోయేది, ప్రతిసారీ కొత్తది వేయాల్సి వచ్చేది. ఈ బ్యాక్టీరియా ఎంజైమ్ తట్టుకుంది. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని రిజల్ట్ కోసం టెన్షన్‌తో ఎదురుచూశాం కదా, ఆ ఆర్టీ-పీసీఆర్ వెనకున్న కథ ఇక్కడే మొదలైంది.

అదే పార్కులో మార్నింగ్ గ్లోరీ అనే చిన్న కొలను ఉంది. పువ్వులా నీలంగా ఉండేదని ఆ పేరు. మనం రైల్లోంచి గోదావరిలో వేసినట్టే, వచ్చినవాళ్లు అందులో నాణేలు వేశారు. రాళ్లు, చెత్త కూడా పడ్డాయి. అడుగున వేడినీరు ఊరే దారి పూడుకుపోయింది. 1950లో నీటిని పైకి ఎగదన్నించి శుభ్రం చేస్తే చిల్లర, సీసాలు, చేతిరుమాళ్లు బయటపడ్డాయి. అయినా పోయిన వేడి తిరిగి రాలేదు. ఒకప్పుడు అంచునే ఆగిన పసుపు, నారింజ ఇప్పుడు కొలను లోపలికి పాకేశాయి.