పాచికలున్నాయి, పందెం లేదు

పిల్లలు బల్ల చుట్టూ చేరి పాచికలు వేస్తున్నారంటే మన ఇళ్లలో పెద్దవాళ్లకు ముందు శకుని గుర్తొస్తాడు, ఆ వెనకే పోలీసులు గుర్తొస్తారు. హైదరాబాద్‌లో ఈ రెండో భయానికి చట్టపరమైన చరిత్ర కూడా ఉంది. నిజాం కాలపు జూద నిషేధ చట్టం కింద సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై పెట్టిన రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో ఆలోచించాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో కోర్టు తేల్చింది. 1974లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సొంతంగా గేమింగ్ చట్టం చేసుకుంది. తెలంగాణ 2017లో దాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీని సైతం నిషేధించింది. అప్పుల పాలైన కుటుంబాలను చూశాక ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. కాకపోతే ఇన్నేళ్లుగా మనం ఆటను అడిగిన ప్రశ్న ఒక్కటే: అదృష్టమా, నైపుణ్యమా? ఆడేవాళ్ల మధ్య ఏం జరుగుతోందన్నది ఎవరికీ పట్టలేదు.

నగరంలో ఐటీ ఉద్యోగులు, కాలేజీ విద్యార్థులు వారాంతాల్లో ఆడుకునే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆటలను, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మారి మాటలతో, పాచికలతో కథ నడిపే ఆటలను, బడుల్లోకి తేవచ్చా అన్న చర్చకు ఈ నేపథ్యం అడ్డుపడుతుంది. అడ్డుపడటం విచిత్రమే, ఎందుకంటే ఈ ఆటల పుట్టుకే చదువు కోసం.

1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి, అంతకుముందు తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటను మెరుగుపరిచి సైనికాధికారుల శిక్షణకు అందించాడు. మ్యాపు మీద దిమ్మలు, ఫలితం తేల్చడానికి పాచికలు, మధ్యలో తీర్పరి. లెక్కల పట్టికలు మరీ పెరిగిపోయి ఆట నత్తనడక నడుస్తోందని 1876లో వెర్డీ డు వెర్నువా అనే మరో అధికారి వాటిని చాలావరకు పక్కనపెట్టి, అనుభవజ్ఞుడైన తీర్పరి విచక్షణకే ఆటను వదిలేశాడు. ఇవాళ రోల్ ప్లేయింగ్ ఆటలను నడిపే గేమ్ మాస్టర్‌కు మూలపురుషుడు ఆ తీర్పరే.

అసలు మలుపు 1969లో వచ్చింది. అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు నడిపిన ఆటలో కొందరికి సైన్యాలకు బదులు మనుషుల్ని ఇచ్చాడు. ఒకరు నగర మేయరు, ఒకరు బ్యాంకరు. వాళ్లు యుద్ధం మాట మరిచి పక్కగదుల్లో మంతనాలు మొదలుపెట్టారు. ఆట చెడిపోయిందని వెస్లీ అనుకున్నాడు, ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్‌లో ఇంట్లోనే చెప్పులు బాగుచేసుకుంటూ బతుకుతున్న గ్యారీ గైగాక్స్ కలిసి తెచ్చిందే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే రోల్ ప్లేయింగ్ ఆట. మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె, ధర 10 డాలర్లు, మొదట అచ్చువేసినవి 1000. అది వచ్చింది కూడా ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చిన 1974లోనే. అందులో వాడే నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలను మొదట్లో బడులకు బోధన సామగ్రి అమ్మే కంపెనీ దగ్గర కొన్నారు. రేఖాగణితం పాఠానికి చేసినవి అవి.

ఆడటం ఎలా ఉంటుందో మన ఊరి ఉదాహరణతో చూద్దాం. 1908 సెప్టెంబరు 28, మూసీ ఊరి మీద పడింది. నలుగురు ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు మనుషులుగా మారారు: అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కాంపౌండరు, బట్టల వ్యాపారి, తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ, పదేళ్ల పిల్ల. సుమారు 150 మందిని కాపాడిందని చెప్పుకునే చింతచెట్టు ఇరవై గజాల దూరంలో ఉంది. "నీళ్లు నడుముదాకా వచ్చాయి. ఏం చేస్తారు?" అంటుంది ఆట నడిపే టీచరు. భిస్తీగా ఉన్న అబ్బాయి కాసేపు ఆలోచించి, "తిత్తిలో నీళ్లు పారబోసి గాలి ఊదుతాను, పాపను దాన్ని పట్టుకోమంటాను" అంటాడు. ఇరవై ముఖాల పాచికలో 11 లేదా అంతకన్నా ఎక్కువ పడితే పాప చెట్టు చేరుతుంది. అంటే సగానికి సగం. కాంపౌండరు తన తలపాగా విప్పి తాడులా విసురుతానంటాడు. సాయం దొరికింది కాబట్టి పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. ఇప్పుడు గెలిచే అవకాశం 75 శాతం. ఎందుకు 75? రెండుసార్లూ తప్పే అవకాశం సగంలో సగం కనక. సంభావ్యత పాఠం, నగర చరిత్ర, ఒకరి ఆలోచనకు మరొకరు చేయి కలపడం, మూడూ ఒక్క పాచికలో పడ్డాయి. సాయం దొరికితే పాచిక రెండుసార్లు వేయడమన్నది 2014లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఐదో కూర్పులోని నియమం.

అవధానంలో పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధిస్తున్నకొద్దీ పద్యం పదునెక్కినట్టు, ఇక్కడా నియమాలే ఊహను పురిగొల్పుతాయి. అయితే అవధానంలో ప్రతిభ ఒక్కరిది. ఈ బల్ల దగ్గర ఎవరూ ఒంటరిగా గెలవలేరు. నా దృష్టిలో దీని విలువంతా అక్కడే ఉంది. తరగతిలో నోరు విప్పని పిల్ల, తన పేరుతో చెప్పలేని మాటను పాత్ర పేరుతో చెప్పేస్తుంది.

అమెరికాలో దీనికీ చెడ్డకాలం నడిచింది. 1979లో ఒక విద్యార్థి అదృశ్యానికి ఈ ఆటే కారణమని పత్రికలు ఊహించి రాశాయి, ఆ ఊహ తప్పని తేలింది. కొడుకు ఆత్మహత్య చేసుకున్న ఒక తల్లి 1983లో ఆటకు వ్యతిరేకంగా సంస్థ పెట్టారు. క్షుద్రపూజలన్న ప్రచారం దశాబ్దం పాటు సాగింది. ఆత్మహత్యలకు ఆట కారణమని రుజువు కాలేదు. ఆ గోలలోనే, 1986లో, చిన్నపిల్లల బృందాలతో ఈ ఆట ఆడించి పరస్పర సహకారం పెంచడం గురించి సామాజిక సేవా రంగంలో వ్యాసం వెలువడింది. 2006లో డెన్మార్క్‌లోని హోబ్రోలో పాత్రధారణ ఆటలతోనే పాఠాలు చెప్పే ఓస్టర్‌స్కోవ్ ఆశ్రమ పాఠశాల మొదలైంది.

ఇప్పుడు గాలి అటు నుంచి ఇటు తిరిగింది. సృజన, నాయకత్వం, సానుభూతి అన్నీ ఈ ఆటతో వచ్చేస్తాయనే మాటలు వినిపిస్తున్నాయి. వాటినీ కొంచెం తగ్గించి వినాలి. అధ్యయనాల్లో చాలావరకు చిన్న బృందాలతో చేసినవే, పైగా ఆట మీద ఇప్పటికే ఇష్టమున్నవాళ్లను అడిగి రాసినవి. కోచింగ్ సెంటర్ల నగరంలో మరో ప్రమాదమూ ఉంది: రేపు ఎవరో దీనికీ ర్యాంకులు పెట్టి, 'లీడర్‌షిప్ ఫౌండేషన్ కోర్సు' అని ఫీజు వసూలు చేయగలరు.

బడుల్లో చిక్కు మరీ మామూలుది. ఒక బల్లకు నలుగురైదుగురు, ఆటకు రెండు మూడు గంటలు కావాలి. పీరియడ్ ముప్పావు గంట, గదిలో నలభై మంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులుండాలంది. పెద్ద తరగతుల పిల్లలకు ఆట నడపడం నేర్పి, ఆ రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కో బల్ల అప్పగిస్తే సరిపోతుంది. సామగ్రికి కాగితం, పెన్సిలు, పాచికలు చాలు. ఇరవై ముఖాల పాచిక దొరక్కపోతే, 1 నుంచి 20 దాకా అంకెలు రాసిన చీటీలు డబ్బాలో వేసి తీసుకోవచ్చు.