రెండు పూజల మధ్య ఒక గుడ్డు

ఆదివారం వరుసగా రెండు మూడు దివ్యబలిపూజలు (మాస్) చేసే కతోలిక గురువులు మధ్యాహ్నం దాకా కాఫీ మీదే నెట్టుకురావడం అరుదేమీ కాదు. శ్రీసభ (కతోలిక చర్చి) నియమం అంత కఠినంగా ఉందా అంటే, లేదు. ఒకప్పుడు సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరించాలంటే అర్ధరాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకూడదు. 1953లో పన్నెండవ పయస్ పోప్ నీళ్లు తాగవచ్చన్నారు. 1957లో ఆయనే ఉపవాసాన్ని మూడు గంటలకు కుదించారు. 1964లో ఆరవ పాల్ పోప్ దాన్ని ఒక గంటకు తెచ్చారు. నేటి శ్రీసభ చట్టం 919వ నిబంధనలో మరో వెసులుబాటు ఉంది. ఒకే రోజు రెండు మూడు పూజలు చేసే గురువు, గంట వ్యవధి లేకపోయినా, రెండో పూజకో మూడో పూజకో ముందు కొంచెం తినవచ్చు. ఈ అనుమతిని వాడుకోవడం భక్తిలో లోటు కాదని నా గట్టి నమ్మకం.

రాత్రంతా కాలేయం తన గ్లైకోజెన్ (దాచుకున్న చక్కెర) నిల్వను కరిగించి మెదడుకు గ్లూకోజు అందిస్తుంది. తెల్లవారేసరికి ఆ నిల్వ బాగా తగ్గుతుంది. ఆరోగ్యవంతుడి శరీరం కొవ్వును వాడుకుని నెట్టుకొస్తుంది గానీ, ఆకలి పేరుకుపోయి మధ్యాహ్నం గబగబా అతిగా తినిపిస్తుంది. ఒక ఉడికించిన గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీను ఉంటుంది. తీపి బిస్కట్ల కన్నా అది ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది. ఇన్సులిన్ తీసుకునే గురువులకైతే భోజనం తప్పడం నిజంగానే ప్రమాదం. విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాసాల నుంచి కూడా అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు ఉంది.

ఒంటరిగా వండుకునే గురువులకు నేను మొదట చెప్పేది పప్పుగింజల గురించే. వారానికి రెండుసార్లు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చాలు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది కాబట్టి పని త్వరగా తెములుతుంది. రాజ్మాతో మాత్రం జాగ్రత్త. పచ్చి గింజల్లోని లెక్టిన్ అనే ప్రొటీను వాంతులు తెప్పిస్తుంది. రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గింజ మెత్తబడేదాకా బాగా మరగనివ్వాలి. సన్నని సెగ సరిపోదు.

అన్నం దింపీ దింపగానే అవస్థ అభ్యంగనం (జబ్బుపడినవారికి నూనె పూసి చేసే ప్రార్థన) కోసం కబురు వస్తుంది. వెళ్లక తప్పదు. కుండ మాత్రం గంటల తరబడి బయటే ఉండిపోతుంది. బియ్యంలోని బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే వండిన రెండు గంటల్లోపు, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆ పని ఇంకొకరికి అప్పగించి బయలుదేరాలి. తెల్లవార్లూ బయట ఉన్న అన్నాన్ని నిస్సంకోచంగా పారేయాలి.

మాంసం మానే శుక్రవారాల్లో గుడ్డు, చేప, పాలు తీసుకోవచ్చు. ఉడికిన గింజల మీద నిమ్మరసం పిండుకుంటే, అందులోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మరిగితే ఆ విటమిన్ నశిస్తుంది కాబట్టి తినే ముందే పిండుకోవాలి.