నీళ్లు ఎక్కడ పోస్తారండీ?

విజయవాడ ఆటోనగర్‌లో ఆ బండిని లారీ మీంచి దించిన రోజు నుంచి, చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ అడిగింది ఒకటే: "రేడియేటర్ ఎక్కడుంది? నీళ్లు ఎక్కడ పోస్తారండీ?" లారీ ఇంజిన్లని కళ్లు మూసుకుని విప్పి బిగించే మేస్త్రీలు కూడా ముందు వైపు వంగి చూసి, అక్కడ పెట్రోల్ ట్యాంకు తప్ప ఏమీ కనపడక, వెనక్కి తిరిగొచ్చి మళ్లీ అదే అడిగేవాళ్లు. ఎక్కడా పోయక్కర్లేదు, ఆ ఇంజిన్‌లో నీళ్లే ఉండవు, గాలితోనే చల్లబడుతుంది.

అది మా మావయ్య బగ్గీ. మద్రాసులో ఉన్న రోజుల్లో, యాక్సిడెంట్ అయిన ఫోక్స్‌వాగన్ బీటిల్ ఒకటి చవగ్గా దొరికితే కొని, నుజ్జయిన పై భాగమంతా తీసేయించి, ఫైబర్ తొట్టి లాంటి బాడీ ఒకటి చేయించి బిగించాడు. గుంటూరు అవతల పశువుల పాకలో 18 ఏళ్లు పడుంది. మధ్యలో కొన్నాళ్లు దాని బంపరుకి గేదెదూడని కట్టేసేవాళ్లు కూడా.

ఈ రకం బండ్లకి ఆద్యుడు అమెరికాలో బ్రూస్ మేయర్స్. ఫైబర్‌గ్లాస్ పడవలు కట్టే చేయి అతనిది. 1964లో కాలిఫోర్నియాలో బీటిల్ ఇంజిన్, సస్పెన్షన్ తీసుకుని, పడవ కట్టినట్టే ఒక తేలికపాటి బాడీ పోసి మేయర్స్ మాంక్స్ అని పేరు పెట్టాడు. 1967లో ఆ బండితోనే ఇంకొకరిని తోడు పెట్టుకుని మెక్సికోలో బాహా ద్వీపకల్పం దాదాపు మొత్తాన్ని 34 గంటల 45 నిమిషాల్లో దాటేశాడు, అంతకుముందు మోటార్‌సైకిళ్ల పేరు మీదున్న రికార్డు పోయింది. ఇక ప్రపంచమంతా బీటిళ్ల నెత్తి కోయడం మొదలుపెట్టింది. మా మావయ్య కూడా ఆ బాపతే.

ఇన్నేళ్లు పడున్న ఇంజిన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఏ స్థితిలో ఆగిపోయినా ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరుచుకునే ఉంటుంది. అందులోంచి మన కోస్తా తేమగాలి లోపలికి పోయి, ఇనప బ్యారెల్‌కీ (సిలిండర్ గొట్టం), పిస్టన్ చుట్టూ ఉండే ఇనప రింగులకీ మధ్య తుప్పు పడుతుంది. ఆ తుప్పు మీద సెల్ఫ్ బలమంతా పెడితే రింగు విరుగుతుంది, లేదా బ్యారెల్ గీసుకుపోతుంది. అందుకని ప్లగ్గులు తీసేసి, ఆ బొక్కల్లోంచి తలా కాస్త పల్చటి ఆయిల్ పోసి మూడు రోజులు వదిలేశాం. నాలుగో రోజు క్రాంక్ పుల్లీకి 30 నంబర్ స్పానర్ పెట్టి అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి కదిపితే, మధ్యాహ్నానికి కిర్రుమని ఒక చుట్టు తిరిగింది. అక్కడితో సగం టెన్షన్ పోయింది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. ట్యాంకులో పెట్రోల్ ఎప్పుడో ఆవిరైపోయి అడుగున బెల్లం పాకంలా మిగిలింది. పెట్రోల్లో తేలిక భాగాలు ముందు ఎగిరిపోతాయి, మిగిలినవి గాలిలో ఆక్సిజన్‌తో కలిసి జిగురు కడతాయి. ఆ జిగురే కార్బొరేటర్ సన్నదారులన్నింటినీ మూసేసింది. ప్లగ్గులకి కరెంట్ పంచే డెల్కోలో పాయింట్ల మీద ఆక్సైడ్ పొర పట్టి కరెంట్ రావట్లేదు, దాన్ని రుద్ది 0.4 మిల్లీమీటర్ల గ్యాప్ పెట్టాం. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదిలే సందు, 0.15 మిల్లీమీటర్లకి సెట్ చేశాం, అదీ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే. రెండున్నర లీటర్ల ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పి, అప్పుడు ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. ఆ చప్పుడు కుట్టుమిషనుకీ ట్రాక్టర్‌కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మావయ్య ఏమీ మాట్లాడలేదు, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పావుగంట నడిచాక కాలిన ఆయిల్ వాసన మొదలైంది. టెంపరేచర్ గన్‌తో చూస్తే మూడో సిలిండర్ దగ్గర మిగతా వాటికంటే చాలా ఎక్కువ వేడి. ఆపేశాం.

ఇక సలహాలు. "చుట్టూ ఈ రేకు డబ్బా ఎందుకండీ, పీకి అవతల పారేస్తే గాలి బాగా తగులుతుంది, బుల్లెట్ చూడండి, దానికేమన్నా మూతా, డబ్బానా?" అన్నాడొకాయన. నాకూ సబబుగానే అనిపించింది, అబద్ధం చెప్పను. బగ్గీ ఇంజిన్ వెనకాల బయటికే ఉంటుంది, పైన డిక్కీ మూత కూడా లేదు. చుట్టూ అంత గాలి ఉండగా వేడెక్కడం ఏమిటి?

ఒక చిన్న లెక్క వేసుకుంటే ఆ సలహాలో తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఈ ఇంజిన్ 20 హార్స్‌పవర్ ఇస్తోందనుకుందాం, అంటే సుమారు 15 కిలోవాట్లు. పెట్రోల్లో ఉన్న శక్తిలో నాలుగో వంతే చక్రాలకి పోయే పని అవుతుంది. మిగిలినదాంట్లో పెద్ద భాగం సైలెన్సర్లోంచి పోతుంది, ఇంకో 15 కిలోవాట్ల దాకా సిలిండర్ గోడల్లోకి, హెడ్డులోకి ఎక్కుతుంది. ఇళ్లలో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు ఏడెనిమిది, ఒక బియ్యం బస్తా అంత ఇనుమూ అల్యూమినియం మధ్యలో పెట్టి ఒకేసారి స్విచ్ వేసినట్టు. ఆ వేడిని నిమిషం నిమిషం బయటికి మోసుకుపోవాలి.

మోసే కూలీ ఎవరన్నది ఇక్కడ ప్రశ్న. ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కుతూ తీసుకునే వేడి, ఒక లీటరు గాలి తీసుకునేదానికి దాదాపు 3,500 రెట్లు. గాలి బక్క కూలీ. ఒక్కొక్కడూ మోసేది పిడికెడే, కాబట్టి వేలమందిని పరుగెత్తించాలి. అందుకే బీటిల్ ఇంజిన్‌లో డైనమో వెనక ఒక పెద్ద ఫ్యాన్ ఉంటుంది, అది గట్టిగా తిరిగేటప్పుడు సెకనుకి 500 లీటర్ల గాలి తోస్తుంది. అంత తోసినా ఆ గాలి పాతిక డిగ్రీలు వేడెక్కి బయటికొస్తుంది, ఫ్యాన్ నెమ్మదిగా ఉంటే ఇంకా ఎక్కువ.

బుల్లెట్ సంగతి వేరు. దానికున్నది ఒకటే సిలిండర్, అదీ గాలికి ఎదురుగా ఉంటుంది, బండి కదిలితే గాలి దానంతట అదే తగులుతుంది. ఇక్కడ నాలుగు సిలిండర్లు వెనకాల, మనుషుల వీపుల చాటున, పక్క పక్కనే పడుకుని ఉన్నాయి.

ఇంకో సంగతి ఉంది. వేడిగా ఉన్న లోహాన్ని అంటుకుని సన్నని గాలి పొర ఒకటి కదలకుండా ఉండిపోతుంది. కదలని గాలి వేడిని పోనివ్వదు, చలికాలం దుప్పటి పనిచేసేది కూడా అందులో చిక్కుకున్న గాలి వల్లే. ఆ పొరని గీకేయాలంటే గాలి వేగంగా, ఫిన్నులకి (సిలిండర్ చుట్టూ ఉండే పల్చటి లోహపు రెక్కలు) రాసుకుంటూ పోవాలి. ఫిన్నుల మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే, గాలికి సందులో దూరడం కష్టం, పక్కనించి పోవడం సుఖం. వదిలేస్తే సుఖమైన దారే చూసుకుంటుంది. ఆ పక్కదారులన్నీ మూసేసి, సిలిండర్ కింది సగాన్ని కూడా చుట్టి వెళ్లేలా గాలిని తిప్పడానికే చుట్టూ, అడుగునా ఆ రేకులు. అడుగు రేకులు లేకపోతే బ్యారెల్ పైసగం చల్లగా, కింద సగం కాలుతూ ఉంటుంది, అప్పుడు గుండ్రటి బ్యారెల్ కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది.

ఇంజిన్ కింద దూరి చూస్తే మాకు అడుగు రేకులు రెండూ లేవు. ఎప్పుడో ఎవరో తీసి మళ్లీ పెట్టలేదు. ఇంజిన్ చుట్టూ ఉండాల్సిన పళ్లెం లాంటి రేకు కూడా సగం తుప్పుకి తినేసి ఉంది. పై నుంచి పీల్చుకునే చల్లగాలినీ కిందికి వదిలే వేడిగాలినీ విడదీసేది ఆ పళ్లెమే. అది లేక మా ఫ్యాన్ తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తోంది. రెంటచింతల ఎండల సంగతి మన వాళ్లకి చెప్పక్కర్లేదు. బయట 45 డిగ్రీలు ఉంటే, ఇంజిన్ దాటేసరికి 70. ఫ్యాన్ పీల్చే గాలిలో సగం ఆ 70 డిగ్రీల గాలే అయితే రెండో చుట్టు 57 దగ్గర మొదలవుతుంది. పైగా 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలి కంటే పది శాతం పల్చన, అంటే ఫ్యాన్ అన్నే చుట్లు తిరిగినా కూలీలు పది శాతం తక్కువ. జర్మనీ చలికి గీసిన ఇంజిన్‌ని రోహిణి కార్తెలో నడుపుతున్నాం, రేకులు తీసేసి మరీ.

సరే, నాలుగూ వేడెక్కాలి కదా, మూడోదే ఎందుకు? ఫ్యాన్ డబ్బాలో ఆయిల్ కూలర్ సరిగ్గా మూడో సిలిండర్‌కి వెళ్లే దారిలో ఉంటుంది. పాత బీటిళ్లన్నింటిలోనూ అంతే, ఆయిల్ వేడి తీసుకున్న గాలే మూడోదానికి ప్రసాదం. 1971 మోడళ్ల నుంచి కూలర్‌ని పక్కకి జరిపి దానికి వేరే దారి ఇచ్చారు. మాది పాతది. కానీ అంత తేడా దానివల్లే రాదని డబ్బా విప్పితే, కూలర్ వెనకాల, మూడో సిలిండర్ ఫిన్నుల మీద గుప్పెడు మట్టిగూళ్లు! కుమ్మరి పురుగులు. 18 ఏళ్లుగా ఎన్ని తరాలు కాపురం చేశాయో, ఇంజిన్ వేడికి ఆ మట్టి కుండపెంకులా కాలి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకి తీయడానికే ఒక పూట పట్టింది.

రేకులకి ఆటోనగర్‌లోనే టింకరింగ్ షెడ్డు ఒకటి పట్టుకున్నాం. కొలతలు ఎలా అంటే, మావయ్య పాత పెళ్లి శుభలేఖల అట్టలు తెచ్చి, ఇంజిన్ కింద పడుకుని ఒంపు ఒంపుకీ కత్తిరించి ఇచ్చాడు. ఆ అట్ట చూసి షెడ్డాయన, "ఇది బండికా బాబాయ్, బట్టలకా?" అని నవ్వాడు గానీ సాయంత్రానికి సరిగ్గా అదే ఒంపు తెచ్చాడు. అంచుల్లో సందులు రబ్బరు బీడింగుతో మూశాం.

ఇంకొక్కటి మిగిలింది, పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఈ మిశ్రమానికి దాదాపు 13.5. కొత్త బండ్లలో సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కి కళ్లు లేవు, జెట్, అంటే పెట్రోల్ వదిలే సన్న బొక్క ఉన్న ముక్క, ఎంత ఇస్తే అంతే. దాంతో గాలితో పోలిస్తే ఇంధనం 8 శాతం తగ్గినట్టవుతుంది. ఇలాంటి ఇంజిన్లలో కాస్త ఎక్కువ పెట్రోల్ పోయడం కూడా చల్లబరిచే పద్ధతే, అది తగ్గితే హెడ్డు ఇంకా వేడెక్కుతుంది. జెట్ మీద నంబరు మిల్లీమీటర్లో వందో వంతుల్లో దాని బొక్క సైజు. 125 తీసి 130 వేస్తే బొక్క వైశాల్యం సుమారు 8 శాతం పెరుగుతుంది, అదే వేశాం. పాత రబ్బరు పైపుల్ని ఇథనాల్ మెత్తబరుస్తుంది కాబట్టి అవీ మార్చాం. ఈ రకం ఇంజిన్ పక్కన పెట్రోల్ కారితే బండి మొత్తం అంటుకుంటుంది, ఇంజిన్ అడుగు పెట్టె (క్రాంక్‌కేసు) మెగ్నీషియం కూడాను.

మళ్లీ స్టార్ట్ చేసి గంటసేపు నడిపాం. మూడోది ఇప్పటికీ మిగతా వాటికంటే కొద్దిగా వేడే, కానీ వాసన లేదు, ఆయిల్ లైటు వెలగలేదు. రోడ్డెక్కించడానికి కాగితాల పని ఉంది, అది వేరే రామాయణం. సూర్యలంక ఇసుకలో తిప్పుదామన్నారు పిల్లలు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, వద్దన్నాను. ప్రస్తుతానికి మావయ్య పొలంలోనే, టైర్లలో గాలి తగ్గించి కాలవగట్టు పక్క ఇసుకలో తిప్పుతున్నాం.

మొన్న ఆదివారం చూస్తే ఫ్యాన్ మూతి దగ్గర కుమ్మరి పురుగు ఒకటి తడిమట్టి ముద్ద పట్టుకుని తిరుగుతోంది. పాత నేత చీర ముక్క ఒకటి దానికి అడ్డంగా కట్టాను. స్టార్ట్ చేసే ముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోకుండా స్టీరింగుకి ఎర్రదారం చుట్టి ఉంచాం.