మధ్యాహ్నం మాయమైన నీడ

మా మేడమీద పెర్గోలా, అంటే పైన బద్దలు పరిచిన పందిరి, వేయించింది సంక్రాంతి వెళ్లిన వారానికి. సముద్రం ఒడ్డున ఓ తెల్లటి ఇల్లు, ముంగిట్లో చెక్క పందిరి, కింద రెండు కుర్చీలు. నెట్‌లో చూసిన ఆ ఫొటో మీద ఎప్పట్నుంచో మనసు. వెల్డింగ్ పని చేసే అతనితో ఎంఎస్ రకం ఇనుప పైపుల ఫ్రేమ్ కట్టించి, పైన చెక్క బద్దలు పరిపించాం. వడ్రంగులు వాటిని రీపర్లు అంటారు. ఒక్కో బద్ద అంగుళం మందం, నాలుగంగుళాల లోతు. బద్దకీ బద్దకీ మధ్య నాలుగంగుళాల సందు. బద్దలన్నీ తూర్పు పడమరలుగా ఉండాలని ఆ ఫొటో కింద రాసి ఉంటే అలాగే వేయించాను.

జనవరిలో నీడ భేషుగ్గా ఉంది. మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నా ఎండ పొడ పెద్దగా తగిలేది కాదు. మార్చిలో నేల మీద సన్నటి ఎండ చారలు మొదలయ్యాయి. మే రెండో వారానికి చారలు నాలుగేసి అంగుళాల వెడల్పయ్యాయి, అంటే సందు ఎంతో చార అంత. ఒక ఆదివారం ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా సుద్దముక్కతో చార అంచు గీస్తూ కూర్చున్నాను. ఆ నాలుగు గంటల్లో చార జానెడు మేర కూడా పక్కకి జరగలేదు. సూర్యుడు ఆకాశంలో అంత దూరం నడిచాడు, ఎండ మాత్రం అదే సందులోంచి, అదే గచ్చు మీద, అదే కుర్చీ మీద పడుతూనే ఉంది. నీడ అక్కర్లేని చలికాలంలో నిండా నీడ, ప్రాణం పోయేంత ఎండలో ఐదో వంతు నీడ. ఆ రోజే కాగితం, పెన్సిలూ తీసుకుని లెక్కకి కూర్చున్నాను.

హైదరాబాద్ భూమధ్యరేఖకి ఉత్తరంగా 17.4 డిగ్రీల దగ్గర ఉంది. సూర్యుడు ఏడాదిలో 23.4 డిగ్రీల ఉత్తరం దాకా వెళ్లి తిరిగొస్తాడు కాబట్టి, దారిలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదుగా పోతాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. నీడ లేని రోజులని పేపర్లలో వస్తుంటుందే, అవే ఇవి. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారంలో, విజయవాడలో హైదరాబాద్ కంటే మూడు రోజుల ముందు వస్తుంది. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణంగానే. డిసెంబరు చివర్లో అయితే మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తు దాటడు.

పెర్గోలా అన్న మాట పుట్టిన ఇటలీలో, రోమ్ నగరం 42 డిగ్రీల దగ్గరుంది. అక్కడ ఏ రోజైనా సూర్యుడు నడినెత్తికి రాడు. జూన్ 21 మధ్యాహ్నం కూడా నెత్తికి పద్దెనిమిది డిగ్రీలకి పైగా దక్షిణంగా ఒరిగే ఉంటాడు. అంటే ఎండ ఎప్పుడూ ఒకవైపు నుంచే వస్తుందన్న భరోసా వాళ్లకుంది. తూర్పు పడమరలుగా బద్దలు పరిచి, వాటిని దక్షిణానికి కాస్త వాలిస్తే మధ్యాహ్నపు ఎండ ఆగిపోతుంది. మనకా భరోసా లేదు. మే, ఆగస్టు నెలల్లో సూర్యుడు పక్క మారుస్తాడు.

అసలు విషయం నడినెత్తితో ఆగదు. మే నెలలో సూర్యుడు తూర్పున లేచి, నెత్తి మీదుగా, దాదాపు తిన్నగా పడమరకి దిగుతాడు. నా బద్దలూ అదే దారిలో పడుకుని ఉన్నాయి. సూర్యుడు ఎంత కిందికి దిగినా బద్దల సందు వెంబడే దిగుతున్నాడు! అందుకే చార కదల్లేదు. మే 9న మధ్యాహ్నం మూడుంబావుకి, తూర్పు పడమరల బద్దలు సందులోంచి వచ్చే ఎండలో నూటికి పదకొండు పాళ్లే ఆపుతాయి. అవే బద్దల్ని ఉత్తర దక్షిణాలుగా తిప్పితే, అదే సమయానికి నూటికి తొంభై రెండు పాళ్లు ఆగుతుంది. నాలుగు గంటలయ్యేసరికి ఒక్క చార కూడా మిగలదు. అదే చెక్క, అదే ఖర్చు, అవే మేకులు. తిప్పడంలోనే ఉంది తేడా అంతా.

నమ్మకం కుదరకపోతే ఒక దువ్వెన తీసుకుని మేలో సాయంత్రం నాలుగింటికి మేడెక్కండి. దువ్వెనని నేలకి సమాంతరంగా పట్టుకుని, పళ్లు పడమర వైపు పెడితే నీడలో పళ్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఉత్తరం వైపు తిప్పితే పళ్ల నీడలు ఒకదానికొకటి అతుక్కుని నిండు నీడ అవుతుంది. మా అబ్బాయికి చూపిస్తే వాడు దువ్వెన వదల్లేదు.

వడ్రంగిని పిలిపించి బద్దలు విప్పి తిప్పించాం. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ తగ్గాయి. కానీ పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎటు తిప్పినా దాదాపు ఒకటే, నిటారు ఎండ నిటారుగా దిగుతుంది. దాన్ని బద్ద ఆపలేదు. దానికి కప్పు కావాలి. ఏ కప్పు?

మా పక్కింటి వాళ్లు ఇనుప రేకు వేయించారు. నీడకి లోటు లేదు, కానీ మధ్యాహ్నం ఆ రేకు కింద పది నిమిషాలు కూర్చుంటే మాడు వేడెక్కుతుంది. ఎండ తగలకపోయినా ఎందుకిలా? టీవీలో చెప్పే 42 డిగ్రీలు గాలి ఉష్ణోగ్రత. దాన్ని కొలిచే థర్మామీటరు తెల్ల రంగు వేసిన చెక్క పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె గోడలు కిటికీ రెక్కల్లా ఏటవాలు బద్దలతో చేస్తారు, గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని రూపొందించింది థామస్ స్టీవెన్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు. లైట్‌హౌస్‌లు కట్టిన మనిషి. గాలి వేడిని కొలవాలంటే ముందు ఎండని అడ్డుకోవాలని ఆయనకి తెలుసు. మన ఒంటికి అలాంటి పెట్టె లేదు. గాలి వేడితో పాటు చుట్టూ ఉన్న ప్రతి వస్తువు నుంచీ వచ్చే వేడి కిరణాలు మనకి తగులుతూనే ఉంటాయి.

మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం నుంచి చదరపు మీటరుకి దాదాపు 1000 వాట్ల ఎండ దిగుతుంది. ఒక ఇస్త్రీ పెట్టె తినే కరెంటు అంత. రేకు దాన్ని తాగి కాగుతుంది. అది 65 డిగ్రీలకి చేరిందనుకుంటే, దాని అడుగు నుంచి చదరపు మీటరుకి 740 వాట్ల దాకా కంటికి కనిపించని వేడి కిందికి దిగుతుంది. 35 డిగ్రీల దగ్గరుండే మన చర్మం బయటికి వదిలేది 510 వాట్లు. లెక్క మనకి నష్టంలోనే తేలుతుంది. నీడలో ఉన్నామన్న మాటేగానీ ఓ పెద్ద పెనం కింద కూర్చున్నట్టే.

ఇక్కడే ఆకు గొప్పతనం. బీరాకు పగలంతా ఎండలో ఉన్నా పెనంలా కాగదు. ఎండలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కాంతి. ఆకు అందులో చాలా భాగాన్ని తనలోకి తీసుకోదు, కొంత వెనక్కి కొడుతుంది, కొంత కిందికి వదిలేస్తుంది. మిగతా ఎండని తాగినా, అడుగున ఉన్న సన్నటి పత్రరంధ్రాల్లోంచి నీటిని ఆవిరి చేసి ఆ వేడిని వదిలించుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి ముప్పావు యూనిట్ కరెంటుకి కాస్త తక్కువ శక్తి కావాలి. ఒక పందిరి రోజుకి పది లీటర్ల నీరు ఆవిరి చేస్తే, ఒక టన్ను ఏసీ రెండు గంటల పాటు గదిలోంచి లాగే వేడి అంత. దాంతో పందిరి కింద ఏసీ చల్లదనం వస్తుందని కాదు, బయలు కాబట్టి గాలి ఆ చలవని పట్టుకుపోతుంది. కానీ మన నెత్తి మీదున్న ఆకు గాలి కంటే పెద్దగా వేడెక్కదు. 38 డిగ్రీల ఆకు వదిలేది 530 వాట్లు, మన చర్మం వదిలేదానికి కాస్త అటూఇటూ. పందిరి కిందికి వెళ్లగానే హమ్మయ్య అనిపించేది అందుకే. నీళ్లు తక్కువైతే మాత్రం ఆకు రంధ్రాలు మూసుకుని వడిలిపోతుంది. ఎండాకాలం తీగకి రెండుపూటలా నీళ్లు పోయమని అమ్మ పోరేది.

తాటాకు పందిరిలో ప్రాణమున్న ఆకు లేదు, నీటి ఆవిరీ లేదు. అయినా చల్లగానే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆకుల మధ్య గాలి పొరలు ఉంటాయి, పై ఆకు కాగినా ఆ వేడి అడుగు ఆకు దాకా అంత తేలిగ్గా రాదు. వేసవిలో గుళ్ల ముందు వేసే చలువ పందిళ్లకి ఆ పేరు ఊరికే రాలేదు.

పెర్గోలా అన్న మాట ఇటాలియన్ వాళ్లది. లాటిన్‌లో పెర్గుల అంటే ఇంటి ముందుకి చొచ్చుకొచ్చిన చూరు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో మునిగిన పాంపే నగరంలో, తోటల్లో ద్రాక్ష తీగ కింద కూర్చుని తినడానికి కట్టుకున్న వేసవి అరుగులు తవ్వకాల్లో బయటపడ్డాయి. ద్రాక్ష వేసవిలో ఆకులేసి నీడనిస్తుంది, చలికాలంలో ఆకు రాల్చి ఎండని లోపలికి రానిస్తుంది. వాళ్ల చెక్క బద్దలు తీగకి ఆసరా, అంతే. నేను ఫొటోలో చూసి కట్టించుకున్నది తీగ లేని పందిరి గుంజలని అప్పుడు తెలిసొచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలూ పందిళ్ల మీదే పెరిగాయి. ఇప్పటికీ బీర, కాకర, దొండ వేసే రైతులు రాతి కడీలు పాతి, పైన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ అల్లి శాశ్వత పందిళ్లు వేసుకుంటున్నారు.

మరుసటి ఏడాది జనవరి చివర్లో నాలుగు టబ్బుల్లో బీర, సొర పెట్టాం. ఓ మూల రాధామనోహరం కూడా. బద్దల మీద జీఐ తీగ జానెడు గళ్లుగా కట్టాం. ఇక బీర పాదు పైకి ఎక్కడం చూడాలి. బీర నులితీగ మొదట తిన్నగా చాచి, గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ దేనికోసమో వెతుకుతుంది. ఇనుప తీగ తగిలిందా, కొన కాసేపట్లోనే చుట్టుకుంటుంది. తర్వాత రెండు మూడు రోజుల్లో మధ్య భాగం స్ప్రింగులా మెలి తిరుగుతుంది. దగ్గరగా చూస్తే సగం దూరం ఒక వైపుకి, మిగతా సగం ఎదురు వైపుకి చుట్టలు, మధ్యలో చిన్న తిన్నటి ముక్క. రెండు కొసలూ బిగిసి ఉన్న దారాన్ని ఒకే వైపు మెలిపెట్టలేం కదా, అందుకే ఈ ఎదురు మెలి. చార్లెస్ డార్విన్ ఇలాంటి నులితీగల్ని నెలల తరబడి కనిపెట్టి చూసి రాశాడు. ఈదురుగాలికి ఆకులన్నీ ఊగినా తీగ తెగకపోవడానికి ఈ స్ప్రింగే కారణం. ఏప్రిల్ మొదటి వారానికి పందిరి నిండింది. నేల మీద చారలు పోయి చిల్లర నాణేల్లాంటి ఎండ చుక్కలు మిగిలాయి.

మేడమీద కట్టుకునేవాళ్లకి రెండు మాటలు. మా స్తంభాల్ని పనివాళ్లు స్లాబులోకి నేరుగా డ్రిల్ చేసి యాంకర్ బోల్టులు బిగించారు. జులైలో మొదటి పెద్ద వానకే కింద పడగ్గది సీలింగుకి చెమ్మ పట్టింది. బోల్టు చిల్లి వాటర్‌ప్రూఫింగ్‌ని దాటి పోయింది. స్లాబు పోసేటప్పుడే చిన్న కాంక్రీట్ దిమ్మెలు లేపి, వాటికి బిగిస్తే ఈ టెన్షన్ ఉండదు. టబ్బుల సంగతి కూడా అంతే. తడి మట్టి నిండిన వంద లీటర్ల టబ్బు 170 కిలోల దాకా తూగుతుంది. మనుషులు తిరిగే మేడ కప్పుకి లెక్కలో వేసే అదనపు భారం చదరపు మీటరుకి 150 కిలోలే. కాబట్టి టబ్బులు మధ్యలో కాకుండా గోడలు, బీముల మీదుగా పెట్టాలి, మట్టిలో కొబ్బరిపొట్టు కలపాలి.

రెండోది గాలి. భారత ప్రమాణాల ప్రకారం ఇళ్లు కట్టేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడకీ విశాఖకీ 50 మీటర్లు. 50 మీటర్ల గాలి చదరపు మీటరు మీద 150 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. పది బై పన్నెండు అడుగుల పెర్గోలాని షీటుతో పూర్తిగా మూసేస్తే, దాన్ని పైకి లేపే బలం టన్నున్నర దాటొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడిన రోజు చూసినవాళ్లకి ఈ అంకెలు చెప్పక్కర్లేదు. సందులున్న పందిరి గాలిని తనలోంచి పోనిస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్లు దయచేసి షీటు వేయకండి, వేసి తీరాల్సి వస్తే ఇంజనీరుకి చూపించకుండా వేయకండి.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలు అక్కడే. రాత్రి మాత్రం అమ్మ నవారు మంచం పందిరి కింద వేయనివ్వదు, బయటికి లాగమంటుంది. పొడి రాత్రుల్లో ఆకాశం మన చుట్టూ ఉన్న గాలి కంటే ఎంతో చల్లటి కప్పులా ఉంటుంది. మన ఒళ్లు, మంచం, గచ్చు అన్నీ తమ వేడిని దానికి వదులుతాయి. పగలు ఎండని ఆపిన ఆ ఆకులే రాత్రి ఆ దారికి అడ్డం. కాబట్టి చీకటి పడగానే మంచం నాలుగడుగులు అవతలికి జరుపుతాం. తెల్లారి ఎండ మొహాన పడేలోపు మళ్లీ లోపలికి.