న్యూ ఐస్‌లాండ్: ఆ ఒడ్డు ఖాళీగా ఉందా?

కెనడాలోని ఐస్‌లాండ్ సంతతి వాళ్ళ పెద్దలు లేక్ విన్నిపెగ్ అనే సరస్సు పడమటి ఒడ్డున, ఇప్పటి గిమ్లీ పక్కన, దిగి న్యూ ఐస్‌లాండ్ అనే కాలనీ పెట్టుకుని 2025 అక్టోబర్ 21కి 150 ఏళ్ళు నిండాయి, దాంతో పాత ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది, వాళ్ళు దిగిన చోట అప్పటికి ఎవరూ లేరా అని. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలడం, బతుకుతెరువు పోయి ఓడలెక్కడం అందరూ రాసేదే కాబట్టి దాన్లోకి వెళ్ళట్లేదు. నన్నడిగితే అసలు మలుపు 1875లో లేదు, 1876 సెప్టెంబర్‌లో ఉంది.

ఆ వేసవిలో రెండో విడతగా సుమారు 1,200 మంది వచ్చారు. ఇళ్ళు చాలవు, ఒక్కో చెక్క గుడిసెలో రెండు మూడు కుటుంబాలు సర్దుకున్నాయి, అంతలోనే మశూచి బయటపడింది. చలికాలం గడిచేసరికి వంద మంది దాకా పోయారు, ఎక్కువమంది పిల్లలే. దక్షిణాన నెట్లీ క్రీక్ దగ్గర కాపలా పెట్టి 1877 జులై దాకా కాలనీని బయటి ప్రపంచంతో కలవనివ్వలేదు. ఇంతవరకూ కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకునే కథే, ఆ బాధ నిజం, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యక్కర్లేదు.

కానీ జబ్బు అక్కడితో ఆగలేదు కదా. ఇప్పుడు రివర్టన్ ఉన్న చోటికి దగ్గర్లో, నది సరస్సులో కలిసేచోట, శాండీ బార్ అనే ఊరుండేది, ఒజిబ్వే అనే ఆదివాసీ తెగ వాళ్ళది, ఇళ్ళూ తోటలూ ఉన్న ఊరు. మశూచి ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టేసింది, మిగిలిన ఇళ్ళని జబ్బు అంటకుండా అని ప్రభుత్వం తరఫు వాళ్ళు తగలబెట్టించారు, తర్వాత ఆ నేల ఐస్‌లాండ్ వాళ్ళకి కేటాయించిన రిజర్వులో భాగమైపోయింది, బతికినవాళ్ళకి తిరిగి రావడానికి ఊరంటూ లేదు.

ఆ ఊరివాడే జాన్ రామ్సే. ఐస్‌లాండ్ వాళ్ళు నదికి ఉత్తరపు ఒడ్డున ఇల్లు కట్టుకోడానికి పడవలో వస్తే ఈయన అడ్డంగా నిలబడి పడవని వెనక్కి నెట్టేశాడు, మీ హద్దు నది దాకానే, ఈ పక్క మాది అన్నాడు. వాళ్ళు ప్రభుత్వ ఏజెంటుని అడిగితే ఏజెంటు కొత్తవాళ్ళకే అనుకూలంగా చెప్పాడు. అయినా అదే రామ్సే వాళ్ళకి వేట మాంసం తెచ్చిచ్చాడు, ఆ చలికి ఎలా బతకాలో నేర్పాడు. ఆ సెప్టెంబర్‌లోనే ఆయన భార్య బెట్సీ మశూచితో పోయింది, పిల్లల్లోనూ కొందరు పోయారు. ఆమె సమాధికి ఆయన సొంత ఖర్చుతో పాలరాయి తెప్పించి పెట్టాడు, ఆ చుట్టుపక్కల మశూచితో పోయినవాళ్ళలో అలా చెక్కిన రాయి దక్కినవాళ్ళు చాలా అరుదు. చాలా ఏళ్ళ తర్వాత రామ్సే కలలోకొచ్చి అడిగాడని ఒక ఐస్‌లాండ్ వడ్రంగి ఆ సమాధికి కంచె కట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో వైపు వాదన ఏంటంటే, వలస వచ్చినవాళ్ళు పేదోళ్ళు, భూమి చూపించింది ఒట్టావా ప్రభుత్వం, వాళ్ళకేం తెలుసు అని. అందులో న్యాయం ఉంది. పడవ సంగతి కూడా ఐస్‌లాండ్ వాళ్ళే తమ జ్ఞాపకాల్లో రాసి పెట్టబట్టే మనకి తెలుస్తోంది. అయితే వాళ్ళు 1877కే ఫ్రామ్‌ఫారి అని సొంత పత్రిక పెట్టుకున్నారు, 1878 నాటికి సొంత పాలనా నిబంధనలు రాసుకున్నారు, తర్వాత హైమ్స్‌క్రింగ్లా, లోగ్‌బెర్గ్ అనే వారపత్రికలు, 1890 నుంచి ఏటా ఐస్‌లాండ్ దినం, ఇంత కాగితం మీద నిలబడింది కాబట్టి ఆ వారసత్వం ఈరోజు ఇంత గట్టిగా ఉంది. శాండీ బార్ వాళ్ళకి ఆ అవకాశం దొరకలేదు. ఒక పక్షం దగ్గర పత్రికలున్నాయి, ఇంకో పక్షం దగ్గర ఒక సమాధి రాయి ఉంది, అలాంటప్పుడు "పయనీర్ల వారసత్వం" అని ఒక్కళ్ళ పేరే రాస్తే ఒప్పుకోడం కష్టం.

పోనీ ప్రభుత్వానికైనా తెలీదా అంటే తెలుసు. ఐస్‌లాండ్ వాళ్ళు దిగడానికి నెల ముందు, 1875 సెప్టెంబర్‌లో, ఆదివాసులతో భూమి గురించి ప్రభుత్వం చేసుకున్న ఐదో నంబర్ ఒప్పందం కోసం లెఫ్టినెంట్ గవర్నర్ అలెగ్జాండర్ మోరిస్ సరస్సు ఉత్తరపు కొసన ఉన్న నార్వే హౌస్ వెళ్ళాడు. అక్కడి ఆదివాసుల్లో కొన్ని కుటుంబాలు బొచ్చు వ్యాపారంలో పనులు తగ్గిపోయి, సరస్సు పడమటి ఒడ్డుకి దిగి వ్యవసాయం చేసుకుంటామని అడిగాయి, గ్రాసీ నారోస్ వైపు ఇమ్మన్నాయి. అది ఐస్‌లాండ్ వాళ్ళకి కేటాయించేశాం అన్నారు, బదులుగా ఇంకా ఉత్తరాన ఫిషర్ రివర్ చూపించారు, ఆ ఫిషర్ రివర్ పేరు ఒప్పందం పత్రంలోనే ఉంది. అంటే ఆ ఒడ్డున బతుకుదామని అడిగినవాళ్ళున్నారని, అప్పటికే బతుకుతున్నవాళ్ళున్నారని తెలిసే గీత గీశారు.