పేరు రాయని సమాధి రాళ్లు

వరంగల్ నుంచి మేడారం జాతరకు పోయే జనంలో చాలామంది తాడ్వాయి మీదుగానే పోతారు. ఆ మండలంలోనే దామెరవాయి దగ్గర అడవిలో రాతి పలకలతో కట్టిన పాత సమాధులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. చుట్టుపక్కల జనం వీటిని రాకాసి గుళ్లు అంటారు. అంత బండను మనిషి ఎత్తలేడు, రాక్షసులే కట్టి ఉంటారని పూర్వం అనుకున్నారు. కట్టింది మనుషులే. ఇనుము వాడకం తెలిసిన మనుషులు. దక్కనులో ఇలాంటి పెద్దరాతి సమాధుల కాలం స్థూలంగా క్రీ.పూ. 1000 నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల దాకా సాగింది. ఏ రాయి మీదా పేరు లేదు. అయినా లోపల పడుకున్న మనిషి గురించి ఆ రాయి, దాని కింది మట్టి చెప్పగలిగింది చాలా ఉంది. ఒకటే షరతు, ఎక్కడి రాయి అక్కడే ఉండాలి.

ఒక సమాధి దగ్గర కూర్చుని చూడండి. నాలుగు పక్కలా నిలబెట్టిన పలకలు, వాటి మీద గోడలు దాటి చూరులా బయటికి వచ్చిన కప్పు బండ. కొన్నింటి లోపలికి తొంగిచూస్తే ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి కనిపిస్తుంది. అచ్చం గొడ్లకు కుడితి పోసే తొట్టిలా ఉంటుంది. శవాన్ని గానీ, కొంతకాలం తర్వాత ఏరి తెచ్చిన ఎముకలను గానీ అందులో ఉంచేవాళ్లు. తొట్టి అంచులు చేత్తో తడిమితే అక్కడక్కడా ఉలి దెబ్బలు తగులుతాయి. బయటి పలకలను మోటుగా వదిలేసి, ఎవరికీ కనపడని తొట్టికి అంత శ్రమ పెట్టారు. నాకు ఈ సమాధుల్లో అన్నిటికంటే మనసుకు పట్టేది ఇదే.

మరి హనుమకొండ చుట్టుపక్కల ఇలాంటివి ఎందుకు కనపడవు? నేల వేరు కాబట్టి. వరంగల్ నిలబడ్డది గ్రానైట్ మీద. దాని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకీ వానకీ అది గుండ్లుగా విడిపోతుంది గానీ పలకలుగా రాదు. అందుకే ఇటువైపు ఆ కాలపు సమాధులు ఎక్కువగా గుండ్రంగా పేర్చిన గుండ్ల వలయాలు, మధ్యలో గొయ్యి. గోదావరి వైపు పోతే ఇసుకరాయి. నీళ్లు పొర మీద పొరగా పరిచిన ఇసుక గట్టిపడి రాయి అయింది కనుక, పొర దొరికిన చోట చీలలు దిగ్గొడితే పలకలా లేస్తుంది. చావు ఒకటే అయినా సమాధి రూపాన్ని తేల్చింది కాళ్ల కింది రాయి.

కప్పు బండను ఒక్కసారి లెక్కగట్టి చూద్దాం. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల మందం ఉన్న పలక అనుకోండి. అంటే 2.4 ఘనపు మీటర్లు. ఇసుకరాయి ఘనపు మీటరుకు సుమారు 2.3 టన్నులు తూగుతుంది, కాబట్టి మొత్తం బరువు అయిదున్నర టన్నులు. నేల మీద ఈడ్వాలంటే అందులో సగం బరువుకు సరిపడా బలం కావాలి. మనిషికి 40 కిలోల లాగుడు వేసుకున్నా దాదాపు 70 మంది. కింద దుంగలు వేసి దొర్లిస్తే ఇంకా తక్కువ మందితో అయిపోతుంది, కానీ దుంగలు కొట్టేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు, ఇంతమందికి అన్నం వండేవాళ్లు కావాలి. చిన్న ఊరికి ఇది నెలల పని. చచ్చిపోయిన ప్రతి మనిషికీ ఇంత చేయడం కుదరదు. కాబట్టి ఈ బండ కింద ఉన్నది మాట చెల్లిన మనిషో, పేరున్న కుటుంబమో అయి ఉండాలి.

కొన్ని చోట్ల సమాధి పక్కనే మనిషంత రాళ్లు నిలబెట్టారు. కాటాపూర్, మల్లూరు ప్రాంతంలో వీటిని చూసిన సర్వే అధికారి ముల్హెరన్ 1868లో వాటి గురించి రాశాడు. రెండు పక్కలా చేతుల్లా పొడుచుకొచ్చిన ఆ రాళ్లు ఆయనకు శిలువల్లా కనిపించాయి. కొన్నేళ్లకు పాత కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ కూడా అవి క్రైస్తవుల గుర్తులే కావచ్చని వాదించాడు. అంటే గోదావరి ఒడ్డున ఒకప్పుడు క్రైస్తవుల ఊళ్లు ఉండేవన్నమాట! ఆ ఆలోచన నిలబడలేదు. అదే తీరు రాళ్లు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట, దొంగతోగు వైపు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి గుండ్రటి తల, దిగువన భుజాలు, ఇంకొన్నింటికి స్త్రీ రొమ్ములు తెలుస్తూనే ఉన్నాయి. అది శిలువ కాదు, మనిషి రూపం. కళ్లు, ముక్కు, నోరు చెక్కలేదు. మగా ఆడా తేడా మాత్రం కొన్నిచోట్ల చూపించారు. ఒక ఆడమనిషి కోసం ఇంత రాయిని మోసుకొచ్చి నిలబెట్టారంటే, ఆ కుటుంబాల్లో ఆమె స్థానం ఏమిటన్న ప్రశ్న ఊరికే వదిలేయదగింది కాదు.

లోపలి మనిషి దగ్గరికి వస్తే పని కష్టమవుతుంది. వాన, వేడి, ఆమ్లం ఎక్కువున్న మట్టి కలిసి ఎముకను తినేస్తాయి. చివరిదాకా మిగిలేది పన్ను. పంటి పైపొర ఒకసారి తయారయ్యాక మళ్లీ మారదు. మొదటి శాశ్వత దవడపన్ను పైపొర పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు తయారవుతుంది, జ్ఞానదంతానిది చాలా ఆలస్యంగా మొదలవుతుంది. తాగిన నీళ్లు, తిన్న తిండి ద్వారా ఆ నేలలోని స్ట్రాన్షియం అనే మూలకం పంటిలో చేరుతుంది. గ్రానైట్‌లో రుబిడియం ఎక్కువ. అందులో కొంత కోట్ల ఏళ్లలో నెమ్మదిగా స్ట్రాన్షియంలోనే ఒక రకమైన స్ట్రాన్షియం-87గా మారుతుంది కనుక, వరంగల్ లాంటి పాత గ్రానైట్ నేలలో ఆ రకం వాటా ఎక్కువ. ఆదిలాబాద్ వైపు లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాతి నేలలో తక్కువ. ఒకే మనిషి రెండు పళ్లలో ఈ లెక్క తేడాగా వస్తే, బాల్యం ఒక నేల మీద, ఎదిగింది ఇంకో నేల మీద అని అర్థం. పెళ్లయి వచ్చిన పిల్లా, వలస వచ్చిన కమ్మరా అన్నది పన్ను చెప్పదు. కానీ పుట్టిన చోటు వేరని చెబుతుంది.

రాత ఉన్న రాయి పని వేరు. రుద్రమదేవి 1295 దాకా బతికిందని చరిత్రకారులు చాలాకాలం అనుకున్నారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆ లెక్క మార్చేసింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారనీ, వారి పుణ్యం కోసం భూమి దానం ఇచ్చామనీ దానిమీద ఉంది. ఓరుగల్లును ఏలిన రాణి మరణాన్ని కోటలోని రాయి కాకుండా, ఎక్కడో దూరాన ఒక దాన శాసనం చెప్పింది. ఇంకో రాయి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయిలో ఉంది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయాక, గోండుల బతుకును అధ్యయనం చేయమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ ఆ ఊళ్లోనే ఉండి పనిచేశారు. ఆమె 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమెను మార్లవాయికి తీసుకొచ్చి పాతిపెట్టారు. ఆయన 1995లో పోయాక అస్థికలు కూడా అక్కడికే వచ్చాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ వర్ధంతి జరుపుతారు. ఈ సమాధిలో ఎవరున్నారని ఊళ్లో ఏ పిల్లాడిని అడిగినా చెబుతాడు.

దామెరవాయి వాళ్ల గురించి అడగడానికి మనుషులు లేరు, మట్టే ఉంది. పలక కింద ఇరుక్కున్న ఇసుక రేణువుల నుంచి తేదీ తీసే పద్ధతి ఒకటుంది. ఎండ తగిలితే క్వార్ట్‌జ్ రేణువులో నిల్వ ఉన్న శక్తి ఖాళీ అవుతుంది. మీద రాయి పడి చీకటయ్యాక, చుట్టూ మట్టిలోని సహజ రేడియోధార్మికత వల్ల మళ్లీ కొద్దికొద్దిగా నిండుతుంది. ఎంత నిండిందో, ఏడాదికి ఎంత నిండుతుందో కొలిస్తే, ఆ రాయి ఎప్పుడు అక్కడ పడిందో తెలుస్తుంది. నమూనా తీసేటప్పుడు స్టీలు గొట్టాన్ని మట్టిలోకి దిగ్గొట్టి, రెండు చివర్లూ మూసి, ల్యాబ్‌లో మసక ఎర్రలైటు కిందే తెరుస్తారు. ఒక్కసారి ఎండ తగిలితే ఆ మట్టి దగ్గర ఉన్న సంవత్సరాలన్నీ చెరిగిపోతాయి.

గుప్తనిధుల కోసం రాత్రిళ్లు ఈ సమాధులను పలుగులతో పెకలిస్తున్న వాళ్లను తలచుకుంటే నాకు కడుపు రగిలిపోయేది ఇందుకే. ఈ సమాధుల్లో సాధారణంగా దొరికేవి నలుపు ఎరుపు కుండలు, తుప్పుపట్టిన ఇనుప పనిముట్లు, పూసలు. వాళ్లు కుండలు పగలగొట్టి, పళ్లు, ఎముక ముక్కలు చెదరగొట్టి, బండను పక్కకు దొర్లించి ఉత్త చేతులతో పోతారు. పొలం చదును చేసే జేసీబీ వల్లా ఇదే నష్టం. మీ చేను గట్టు మీద నిలువు పలకలో, గుండ్ల వలయమో కనిపిస్తే దాన్ని కదపకుండా, పక్కన కొలతకు ఒక కర్ర పెట్టి నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీసి, వారసత్వ శాఖకు గానీ దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర విభాగానికి గానీ పంపండి.